డిగ్రీ లేని ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్

మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే పదో తరగతి పూర్తి చేసి, ఆ తర్వాత పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివిన వాళ్ళం. వేసవి సెలవులకు ఇంటికి పోకుండా స్కూటర్ మెకానిక్ షెడ్డులో పనికి కుదిరేవాళ్ళం. మొట్టమొదట మాకు అప్పగించిన పని సైలెన్సర్ శుభ్రం చేయడం. దాన్ని విప్పి, మంటలో ఎర్రగా కాల్చి, కర్రతో కొడితే నల్లటి పెచ్చులు రాలిపడేవి. వాటిని మా మేస్త్రీ కార్బన్ అనేవాడు. సాయంత్రం హాస్టల్‌కు వస్తే ముఖాలు చూసి వార్డెన్ గారు గుర్తుపట్టేవారు కాదు.

ఆ రోజుల్లో స్కూటర్లన్నీ టూ-స్ట్రోక్‌వే. పెట్రోల్ బంకులో పెట్రోలుతో పాటు 2టి ఆయిల్ కూడా కొలిచి పోయించుకోవాలి. ఆ ఆయిలే లోపల పిస్టన్‌కు తడి ఇచ్చి, చివరికి పెట్రోలుతో పాటు తానూ కాలిపోతుంది. ఆయిల్ కాలిన చోట మసి తప్పదు. ఇలాగే తన ఆయిల్‌ని తానే కాల్చుకునే ఇంజన్ మరొకటి ఉందనీ, అందులో పిస్టన్ గానీ వాల్వులు గానీ ఉండవనీ రెండో సంవత్సరం క్లాసులో విన్నప్పుడు మేము నమ్మలేదు. దాన్ని కనిపెట్టిన వాడు కాలేజీ మెట్టు ఎక్కలేదని విన్నాక మాత్రం ఆయన గురించి దొరికినదల్లా చదివాం. ఈ సంచికకు రాయాలనుకున్నది కూడా ఆ సగం కథే. మిగతా సగం తెలిశాక రాయాలా వద్దా అని మాలో మాకే గొడవైంది. చివరికి రెండు సగాలూ రాస్తున్నాం.

ఫెలిక్స్ వాంకెల్ 1902 ఆగస్టు 13న జర్మనీలో, బాడెన్ ప్రాంతంలోని లార్ అనే ఊళ్ళో జన్మించారు. తండ్రి అటవీ శాఖ ఉద్యోగి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే ఆయన యుద్ధంలో చనిపోయారు. అప్పటికి ఫెలిక్స్‌కు పన్నెండేళ్ళు. తల్లి కొడుకును తీసుకుని హైడెల్‌బర్గ్ చేరింది. యుద్ధం ముగిశాక ఆ దేశంలో ధరలు ఎంతగా పెరిగాయంటే దాచుకున్న డబ్బంతా చిత్తు కాగితాలతో సమానమైంది. 1921లో ఫెలిక్స్ హైస్కూల్ చివరి పరీక్ష రాయకుండానే చదువు మానేశారు. అప్పట్లో అక్కడ ఆ పరీక్ష లేనిదే యూనివర్సిటీలో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. పైగా ఆయనకు చూపు బాగా తక్కువ. హైడెల్‌బర్గ్‌లోనే ఒక పుస్తక ప్రచురణ సంస్థలో అమ్మకాల పని నేర్చుకునే కుర్రాడిగా చేరారు.

పగలు పుస్తకాల మూటలు, సాయంత్రం లెక్కలూ ఇంజన్ బొమ్మలూ. పదిహేడేళ్ళ వయసులోనే ఆయనకు పిస్టన్ లేకుండా గుండ్రంగా తిరిగే ఇంజన్ గురించి ఆలోచన వచ్చిందంటారు. 1924లో స్నేహితులతో కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టారు. రెండేళ్ళకు పుస్తకాల కొలువు పోయింది. 1929లో మొదటి పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. ఇంతవరకు చదివితే మనలాంటి వాళ్ళకు గుండె నిండుతుంది. మాకూ నిండింది.

ఇక మిగతా సగం. చదువు మానేసిన ఆ సంవత్సరమే, ఇరవై ఏళ్ళయినా నిండకముందే, ఆయన యూదులను ద్వేషించే ఒక సంఘంలో చేరారు. 1922లో నాజీ పార్టీలో సభ్యుడయ్యారు. కుర్రాళ్ళను పోగుచేసి అడవుల్లో రాత్రి నడకలూ సైనిక కసరత్తులూ నేర్పారు. 1931లో బాడెన్ ప్రాంతంలో హిట్లర్ యువజన విభాగానికి నాయకుడయ్యారు. ఆ తర్వాత అక్కడి పార్టీ పెద్ద రాబర్ట్ వాగ్నర్‌తో తగాదా వచ్చింది. వాగ్నర్ అవినీతిపరుడని బాహాటంగా ఆరోపించారు. 1933లో వాగ్నర్ చేతికి అధికారం రాగానే వాంకెల్‌ను సొంత ఊరు లార్‌లోనే జైల్లో పెట్టించాడు. కొన్ని నెలల తర్వాత హిట్లర్‌కు దగ్గరి వాళ్ళ సిఫారసుతో బయటికి వచ్చారు.

ఈ జైలు మాట పట్టుకుని ఆయనను నాజీల బాధితుడిగా చూపించవచ్చని మాలో ఒకడన్నాడు. ఇద్దరం ఒప్పుకోలేదు. ఆయన పోట్లాడింది ఒక నాయకుడితో. ఆ సిద్ధాంతంతో కాదు. బయటికి వచ్చాక ఆ ప్రభుత్వం దగ్గరే పనిచేశారు. 1936 నుంచి విమాన మంత్రిత్వ శాఖ డబ్బుతో లిండావు అనే సరస్సు ఒడ్డు పట్నంలో వర్క్‌షాపు నడిపారు. 1940లో హిట్లర్ నల్లదుస్తుల దళమైన ఎస్‌ఎస్‌లో ఆయనకు పెద్ద హోదా ఇచ్చారు. 1942లో దాన్ని తీసేశారు. అదే కాలంలో ఆ ప్రభుత్వం యూదులను యూనివర్సిటీల నుంచి, ఉద్యోగాల నుంచి వెళ్ళగొట్టి, చివరికి 60 లక్షల మందిని చంపింది. వాళ్ళ తప్పల్లా ఫలానా ఇంట్లో పుట్టడమే. అంబేద్కర్ గారి పటం కింద కూర్చుని చదువుకున్న మాకు పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టడం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. చదువు అందని బాధ తెలిసిన మనిషే ఇతరులను చదువు నుంచి తరిమే జెండా పట్టుకోవడం మాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఈ వ్యాసంలో ఆయనను గౌరవవాచకంతోనే రాస్తున్నాం. సంచికలో అందరినీ అలాగే రాస్తారు కనుక రాస్తున్నాం, అంతే.

లిండావులో ఆయన చేసిన పని సీళ్ళ మీద. ఇంజన్‌లో మండిన గాలి పక్కకు జారిపోతే బలం పోతుంది. మామూలు ఇంజన్‌లో ఆ పని పిస్టన్ రింగులు చూసుకుంటాయి. గుండ్రటి బోరుకు గుండ్రటి రింగు అమర్చడం తేలిక. కానీ తిరిగే ఇంజన్‌లో మూలలుంటాయి. మూలల దగ్గర గాలి ఆపలేకే ఆయనకు ముందు ఎందరో ఈ ఆలోచన వదిలేశారు. సన్నటి లోహపు పట్టీలను గాడుల్లో కూర్చోబెట్టి, లోపలి వాయువు ఒత్తిడే వాటిని గోడకు అదిమిపట్టేలా చేయడం ఆయన సంవత్సరాల తరబడి సాధన చేసిన విద్య. విమాన ఇంజన్ల రోటరీ వాల్వుల కోసం నేర్చిన ఆ విద్యే తర్వాత ఆయన ఇంజన్‌కు ప్రాణమైంది.

1945లో ఫ్రెంచి సైన్యం వర్క్‌షాపును ఊడదీసి, ఆయనను బంధించింది. 1946లో విడుదలయ్యారు. 1951లో మోటార్ సైకిళ్ళు తయారుచేసే ఎన్‌ఎస్‌యు కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1954లో అసలు ఆకారం దొరికింది. కాస్త ఉబ్బిన భుజాలున్న ముక్కోణపు రోటర్ ఒకటి, నడుము దగ్గర నొక్కినట్టుండే గది ఒకటి. రోటర్ మూడు మూలలూ ఎప్పుడూ గది గోడను తాకుతూనే తిరుగుతాయి. మూడు పక్కలా మూడు ఖాళీలు పెద్దవవుతూ చిన్నవవుతూ ఉంటాయి. పీల్చడం, నొక్కడం, మండటం, వదలడం అన్నీ ఆ తిరుగుడులోనే జరిగిపోతాయి. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. 1957 ఫిబ్రవరి 1న నెకార్సుల్మ్ ఊళ్ళో మొదటి ఇంజన్ నడిచింది. అందులో రోటర్‌తో పాటు గది కూడా తిరిగేది. ప్లగ్గు మార్చాలంటే ఇంజనంతా విప్పాల్సిందే. అదే కంపెనీ ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కె గదిని కదలకుండా బిగించి, రోటర్‌ను మాత్రమే తిప్పే ఏర్పాటు చేశాడు. మెకానిక్ కష్టం తెలిసిన పని అని మేమంటాం. వాంకెల్‌కు మాత్రం అది నచ్చలేదు. తన పందెపు గుర్రాన్ని బండి గుర్రంగా మార్చారని బాధపడ్డారు. కార్లలోకి ఎక్కింది ఆ బండి గుర్రమే.

1967లో ఎన్‌ఎస్‌యు ఆర్‌ఓ 80 కారు వచ్చింది. ఆ మరుసటి ఏడాది యూరప్‌లో ఉత్తమ కారు బహుమతి దానికే దక్కింది. కానీ మూలల సీళ్ళు త్వరగా అరిగిపోయి ఇంజన్లు మార్చాల్సి వచ్చేది. ఆ కారు ఉన్నవాళ్ళు రోడ్డు మీద ఎదురుపడితే ఎన్ని ఇంజన్లు మార్పించారో అన్ని వేళ్ళు చూపించుకునేవారని చెప్పుకుంటారు. వారంటీ ఖర్చులతో కుంగిన కంపెనీ 1969లో ఫోక్స్‌వాగన్ కిందికి వెళ్ళింది.

ఆ ఇంజన్‌ను బతికించింది జపాన్ వాళ్ళు. అణుబాంబు పడ్డ హిరోషిమాలోనే ఉన్న మాజ్దా కంపెనీ 1961లో లైసెన్సు కొన్నది. కెనిచి యమమోతో బృందం మొదటి ఇంజన్లు విప్పి చూస్తే గోడల మీద అలలు అలలుగా గీతలు పడి ఉన్నాయి. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు దయ్యం గోళ్ళ గీతలు. చివరికి అల్యూమినియం ఎక్కించిన కార్బన్‌తో సీళ్ళు చేసి 1967లో కాస్మో స్పోర్ట్ కారును అమ్మకానికి తెచ్చారు. చిత్రం చూడండి, ఏ కార్బన్ పేరుకుని ఈ ఇంజన్ గొంతు నొక్కుతుందో ఆ కార్బన్‌తోనే మొదట దాని ప్రాణం నిలబెట్టారు. తర్వాత తర్వాత ఇనుప సీళ్ళు వచ్చాయి.

ఇక మన మసి సంగతి. ఈ ఇంజన్‌లో సీళ్ళు గోడను రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి వాటికి తడి కావాలి. అందుకని ఒక చిన్న పంపు ఇంజన్ ఆయిల్‌ను కొంచెం కొంచెంగా లోపలికి పంపుతుంది. అది కాలిపోతుంది. మంట మండే చోటు కూడా పొడుగ్గా, పల్చగా ఉండి, రోటర్‌తో పాటు జరుగుతూ ఉంటుంది. చివర్లలో మంట సరిగా అందక మిగిలింది మసిగా కడుతుంది. బండిని దగ్గరి దూరాలకే తీసి, వేడెక్కకముందే ఆపేసే వాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ. మూల సీలు మందం కొన్ని మాజ్దా ఇంజన్లలో 2 మిల్లీమీటర్లే. మసి గాడిలోకి దూరితే అది బయటికి రాలేక ఇరుక్కుంటుంది. కంప్రెషన్ పడిపోతుంది. పొద్దున్నే బండి స్టార్ట్ కాదు.

ఈ ఇంజన్‌ను స్కూటర్ సైలెన్సర్‌లా మంటలో కాల్చలేం. పూర్తిగా విప్పడం పెద్ద ఖర్చు. అందుకే విప్పకుండా ద్రవాలతో కడిగే పద్ధతులు పుట్టాయి. మొదటిది ఉత్త నీళ్ళు. ఇంజన్ బాగా వేడెక్కాక, కాస్త రేజు చేసి పట్టుకుని, ఇన్‌టేక్ దగ్గరి వాక్యూమ్ గొట్టంలో నుంచి నీటిని సన్నటి ధారగా పీల్చనిస్తారు. లోపలి వేడికి నీరు ఒక్కసారిగా ఆవిరై, మసి పెచ్చులను వదులు చేసి తోసేస్తుంది. ఆశపడి ఎక్కువ నీళ్ళు పీల్పిస్తే ఇంజన్ పట్టేస్తుంది. నీటిని నొక్కితే గాలిలా కుదించుకోదు కదా. రెండోది ఇప్పటికే సీళ్ళు ఇరుక్కున్న ఇంజన్‌కు. ప్లగ్గులు తీసి, రోటర్‌ను చేత్తో తిప్పుతూ మూడు పక్కలకూ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో వాడే ఎర్రటి ఆయిల్‌ను కొద్దికొద్దిగా పోసి, రాత్రంతా నాననిస్తారు. పొద్దున ప్లగ్గులు లేకుండానే తిప్పి ఆయిల్ కక్కించి, తర్వాత స్టార్ట్ చేస్తే వీధంతా తెల్లటి పొగ. ఏది చేసినా తర్వాత ఇంజన్ ఆయిల్ మార్చాలి, ప్లగ్గులు చూడాలి. ఊడిన గట్టి పెచ్చు సీలుకు తగిలి విరిగే ప్రమాదం ఉంది కాబట్టి కొందరు మెకానిక్‌లు ఈ వైద్యం అసలొద్దంటారు. మసి పట్టకుండా చూసుకోవడమే మేలని మా అభిప్రాయం కూడా. ఇంజన్ వేడెక్కాక అప్పుడప్పుడూ గట్టిగా నడపాలి. కొందరు మాజ్దా యజమానులు పెట్రోల్లోనే శుభ్రంగా కాలే టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. అంటే మన స్కూటర్ల పద్ధతే.

వాంకెల్‌కు 1969లో మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1971లో తన హక్కుల వాటాను 10 కోట్ల మార్కులకు అమ్మేశారు. ప్రయోగశాలల్లో జంతువులను హింసించకుండా పరిశోధన చేసే మార్గాలు కనిపెట్టిన వారికి తన పేరిట బహుమతి ఏర్పాటు చేశారు. జంతువుల మీద అంత జాలి ఉన్న మనిషి యవ్వనం ఎటు గడిచిందో తెలిసి ఈ వాక్యం రాయడం మాకు సులువు కాలేదు. చూపు కారణంగా ఆయనకు జీవితాంతం డ్రైవింగ్ లైసెన్సు లేదు. తన ఇంజన్ ఉన్న కారులో కూడా వేరొకరు నడుపుతుంటే కూర్చుని వెళ్ళేవారు.

ఆయన 1988 అక్టోబరు 9న హైడెల్‌బర్గ్‌లో కన్నుమూశారు, పుస్తకాలు అమ్మే కుర్రాడిగా బతుకు మొదలుపెట్టిన ఊళ్ళోనే. 1991 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల మాజ్దా కారు మొదటి స్థానంలో వచ్చింది. ఒక జపాన్ కంపెనీ ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. పందెం అయ్యాక ఇంజన్ విప్పి చూశారు. సీళ్ళు పెద్దగా అరగలేదు.