ఒంగోలు క్లౌ దొర: కాలువ కూలి, కృపావరం

మనిషికి రక్షణ విశ్వాసం వల్లనా, సత్క్రియల వల్లనా? క్రైస్తవుల్లో ఇది చాలా పాత ప్రశ్న. రక్షణ దేవుడు ఉచితంగా ఇచ్చేదే గాని పనిచేసి సంపాదించే కూలి కాదని పౌలు బోధ. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టక, చల్లగా వెళ్లిరమ్మనే విశ్వాసం మృతమని యాకోబు బోధ. ఈ రెండింటినీ కరవు కాలంలో మన తెలుగునేల మీద ఆచరించి చూపినవారు క్లౌ దొర.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో భూముల సర్వే పని నేర్చుకున్నారు. 1865లో బాప్టిస్టు మిషనరీగా నెల్లూరుకు, మరుసటి ఏడు ఒంగోలుకు వచ్చారు. ఎర్రగుంట్ల పేరయ్య వంటివారి తోడ్పాటుతో మాదిగపల్లెల్లో తిరిగి బోధించారు.

1876-78లో మద్రాసు రాజధానిని మహాకరవు పట్టుకుంది. జనం ఊళ్లు విడిచి వలసపోయారు. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ సుమారు మూడు మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నారు. నేర్చిన సర్వే విద్య అక్కరకు వచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించి, వేలమందికి పని చూపి కూలి ఇప్పించారు.

అయితే ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. కరవు సాయం సాగినన్నాళ్లు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారు లేక కాదు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, తిండి కోసమే చేరేవారు రాకూడదని ఆయన పట్టుదల. మనలో మస్టరు రోళ్లు రాసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. కూలి లెక్క ఒక పుస్తకం, విశ్వాసం మరొక పుస్తకం. ఒకదాని పద్దు రెండోదానిలో ఎక్కించలేదు.

1878లో సాయం ఆగిపోయింది. ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం తరలివచ్చారు. ఆ జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులవారీగా.

ఇంతమందిని ఒక్కసారిగా చేర్చుకోవడాన్ని శంకించినవారు అప్పుడూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. ఎవరి మనసులో ఏముందో తూచే తక్కెడ మనుషుల దగ్గర లేదు. ఆకలినాడు ఆదుకున్న చేతిని చూసి, ఆ చేతిని నడిపించిన దేవుణ్ణి కొందరు నమ్మి ఉండవచ్చు. అది బేరం కాదు. బేరమైతే సరుకు అయిపోయిన రోజే జనమూ వెళ్లిపోయేవారు.

క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రాసిన జీవితకథ 1914లో వెలువడింది. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలిసింది.

1908 మూసీ వరదలో నిరాశ్రయులకు ఆశ్రయమిచ్చినవారిని తలచుకునే పాతబస్తీ వారికి క్లౌ దొర పద్ధతి కొత్తగా తోచదు. మంచిపని రక్షణకు చెల్లించే వెల కాదు, విశ్వాసం నిజమైతే దానంతట అది కాసే పండు. ఆ పండును ఎరగా వాడకపోవడమే ఆయన గొప్పతనం.