ప్రేమకథ కోసం యుద్ధాన్నే తవ్విన రచయిత్రి.. అన్నీ సరిచూసుకున్న మార్గరెట్ మిచెల్ ఎక్కడ తప్పారు?

1864 సెప్టెంబర్ 1 రాత్రి. అమెరికాలోని అట్లాంటా నగరం. ఓడిపోయి వెనక్కి వెళ్తున్న దక్షిణాది సైన్యం, మందుగుండు నింపిన తన రైలు పెట్టెలకు తానే నిప్పు పెట్టింది. శత్రువు చేతికి చిక్కకూడదన్నదే కారణం. పేలుళ్లతో ఊరంతా దద్దరిల్లింది. తెల్లారాక నగర మేయర్ లొంగిపోయారు.

ఇది చరిత్ర. ఇప్పుడు కథలోకి వెళ్దాం.. అదే రోజు ఆ ఊళ్లో ఓ ఇంట్లో ఒక తల్లి బిడ్డను కన్నది. రాత్రికి ఆ బాలింతను, పసికందును పాత బండిలో పడుకోబెట్టి ఓ యువతి మంటల మధ్య నుంచి బయటపడింది. బండి తోలింది ఆమెను ప్రేమించే మనిషి. ఆ యువతి స్కార్లెట్, బండి తోలింది రెట్ బట్లర్, బాలింత మెలనీ. ముగ్గురూ కల్పితమే. కానీ ఆ రాత్రి, ఆ మంటలు మాత్రం నిజం.

'గాన్ విత్ ది విండ్' నవల అంతగా పట్టేయడానికి అసలు కారణం ఇదే. దాన్ని రాసిన మార్గరెట్ మిచెల్ జీవితం కూడా ఓ సినిమాకు తక్కువేం కాదు.

ఓడిపోయామన్న సంగతే తెలియదు!

మార్గరెట్ 1900 నవంబర్ 8న అట్లాంటాలోనే పుట్టింది. తండ్రి యూజీన్ లాయర్. ఊరి చరిత్ర అంటే ప్రాణం, అట్లాంటా చరిత్ర సంఘం పెట్టినవాళ్లలో ఆయన కూడా ఒకరు. తల్లి మేబెల్ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. తాత యుద్ధంలో గాయపడిన సైనికుడు. అమ్మమ్మ అట్లాంటా ముట్టడిని కళ్లారా చూసింది.

అప్పటికి అంతర్యుద్ధం ముగిసి నలభై ఏళ్లు కూడా కాలేదు. బానిస వ్యవస్థను కాపాడుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవడంతో, 1861 నుంచి 1865 దాకా సాగిన యుద్ధమది. ఆ ఇంట్లో ఆదివారం వచ్చిందంటే ముసలాళ్ల ఒళ్లో కూర్చుని యుద్ధం కబుర్లు వినడమే చిన్నారి పని. కాస్త పెద్దయ్యాక గుర్రం ఎక్కి మాజీ సైనికులతో కలిసి తిరిగేది. వాళ్లు ఏ యుద్ధంలో ఎవరు తప్పు చేశారో గంటలకొద్దీ వాదించుకుంటుంటే చెవులు రిక్కించి వినేది.

ఇన్ని చెప్పిన పెద్దలు ఒక్కటి మాత్రం చెప్పలేదు. దక్షిణాది ఓడిపోయిందని! ఆ సంగతి తెలిసేసరికి ఆమెకు పదేళ్లు. మొదట నమ్మలేదు, కోపం కూడా తెచ్చుకుంది.

బడికి వెళ్లనని చిన్నప్పుడు మొండికేస్తే తల్లి ఆమెను బండెక్కించి జోన్స్‌బరో దారిలో తిప్పిందట. రోడ్డు పక్కన పాడుబడ్డ ఇళ్లు చూపించి, ఒకప్పుడు ఇక్కడ దర్జాగా బతికినవాళ్ల లోకం ఒక్కసారిగా కూలిపోయిందని, రేపు నీ లోకమూ కూలొచ్చని, అప్పుడు చదువే అక్కరకొస్తుందని చెప్పింది. ఆ మాటలు మార్గరెట్ మర్చిపోలేదు. తర్వాత నవల మొత్తం నడిచింది ఆ ఒక్క ప్రశ్న మీదే.. లోకం కూలిపోయినప్పుడు ఎవరు నిలబడతారు, ఎవరు పడిపోతారు?

యుద్ధం ఆమె ఇంటికే వచ్చింది

1918లో స్మిత్ కాలేజీలో చేరారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆమెకు కాబోయే భర్త, యువ సైనికాధికారి క్లిఫర్డ్ హెన్రీ ఫ్రాన్స్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. ఆ బాధ నుంచి తేరుకోకముందే 1919 జనవరిలో తల్లిని స్పానిష్ ఫ్లూ తీసుకుపోయింది. మార్గరెట్ ఇంటికి చేరేసరికే అంతా అయిపోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఆ ఏడాదితోనే చదువు ఆగింది.

1922లో చేసుకున్న మొదటి పెళ్లి నిలవలేదు. ఆ ఏడాది చివర్లోనే 'అట్లాంటా జర్నల్' ఆదివారం పత్రికలో రిపోర్టర్‌గా చేరారు. జార్జియాకు చెందిన అంతర్యుద్ధం నాటి జనరల్స్ మీద వ్యాసాలు రాశారు. పాత పేపర్లు తిరగేయడం, ముసలాళ్ల చేత మాట్లాడించడం, విన్నదాన్ని సరిచూసుకోవడం ఆమెకు అక్కడే అబ్బాయి. 1925లో జాన్ మార్ష్‌ను పెళ్లి చేసుకున్నారు. మొదటి పెళ్లిలో తోడిపెళ్లికొడుకుగా నిలబడిన మనిషే ఆయన!

1926లో చీలమండ నొప్పితో మంచాన పడ్డారు. భర్త రోజూ లైబ్రరీ నుంచి పుస్తకాలు మోసుకొచ్చేవారు. ఆమె వాటిని చకచకా చదివేసేవారు. చివరికి విసిగిపోయి, నువ్వే ఒకటి రాసుకో అంటూ టైప్‌రైటర్ తెచ్చిపెట్టారు. ఆ చిన్న అపార్ట్‌మెంట్‌లోనే నవల మొదలైంది. అదీ చివరి అధ్యాయంతో!

తేదీ తప్పితే ప్రేమా తప్పినట్టే

ఆమె ఎలా పనిచేశారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. యుద్ధకాలం నాటి పేపర్లు, సైనికుల జ్ఞాపకాలు, ఆడవాళ్ల డైరీలు, ఉత్తరాలు.. దొరికినవన్నీ చదివారు. ఏ దళం ఏ రోజు ఎక్కడుందో, ఏ దారిలో వెనక్కి తగ్గిందో తేదీలతో సరిచూసుకున్నారు. ఆఖరికి ఎప్పుడు ఎలాంటి వాతావరణం ఉందో కూడా వదల్లేదు.

అయితే ఆ సమాచారాన్ని పాఠంలా చెప్పలేదు. మనుషుల బతుకుల్లో కలిపేశారు. ఉదాహరణకు మెలనీ కాన్పు. ఆమె భర్త ఆష్లీ 1863 క్రిస్మస్‌కు సెలవు మీద వస్తాడు. అక్కడి నుంచి లెక్కేస్తే నెలలు నిండేది సరిగ్గా అట్లాంటా పతనం నాటికే. అంటే సెలవు తేదీ, కాన్పు తేదీ, సైన్యం ఊరు వదిలిన తేదీ.. మూడూ ఒకే లెక్కలో ఉన్నాయి. అందుకే ఆ రాత్రి స్కార్లెట్ పారిపోలేదు, ఉండలేదు. చదివేవాళ్లకు ఊపిరాడదు.

1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత సీన్ కూడా అంతే. యుద్ధాన్ని ఎక్కడా చూపించరు. పేపర్ ఆఫీసు ముందు గుమిగూడిన జనం, చనిపోయినవాళ్ల పేర్ల జాబితా కోసం చాచిన చేతులు.. అంతే. తన వాడి పేరు లేదని ఒకరు ఊపిరి పీల్చుకుంటే, పక్కనే ఇంకొకరు కుప్పకూలిపోతారు. ఫ్రాన్స్ నుంచి అలాంటి కబురే అందుకున్న అమ్మాయి రాసిన సీన్ అది.

1935 ఏప్రిల్‌లో మాక్మిలన్ సంస్థ ఎడిటర్ హెరాల్డ్ లేథమ్ అట్లాంటా వచ్చారు. ఆమె డజన్ల కొద్దీ కవర్లలో కుక్కిన రాతప్రతిని ఇచ్చేశారు. అది మోయడానికి ఆయన కొత్త సూట్‌కేస్ కొనుక్కోవాల్సి వచ్చింది. తర్వాత భయమేసి తిప్పి పంపమని టెలిగ్రామ్ కొట్టారు కానీ అప్పటికే ఆలస్యమైంది. ఒప్పందం అయ్యాక కూడా నెలల తరబడి ప్రతి విషయాన్నీ మళ్లీ చెక్ చేసుకున్నారు. హీరోయిన్‌కు మొదట పెట్టిన పాన్సీ పేరు స్కార్లెట్‌గా మారింది కూడా అప్పుడే.

1936 జూన్ 30న పుస్తకం వచ్చింది. 1,037 పేజీలు, ధర 3 డాలర్లు. ఆరు నెలల్లోనే 10 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. 1937లో పులిట్జర్ బహుమతి. సినిమా హక్కులకు 50 వేల డాలర్లు. సినిమా స్క్రిప్ట్ మాత్రం రాయనన్నారు. సినిమాలో ఇళ్లకు తెల్లటి పెద్ద స్తంభాలు పెడితే ఆమెకు నవ్వొచ్చింది. తమ వైపు పొలాల ఇళ్లు అలా ఉండేవి కావని ఆమెకు తెలుసు మరి!

మరి తప్పు ఎక్కడ?

స్తంభాల దగ్గర అంత పట్టుబట్టిన మనిషి.. బానిసల దగ్గర ఆ పట్టు చూపలేదు.

1860 జనాభా లెక్కల ప్రకారం జార్జియాలో 4,62,198 మంది బానిసలు. రాష్ట్ర జనాభాలో ఇది సుమారు 44 శాతం. నవలలో మాత్రం వాళ్లు యజమానులకు విధేయులుగా, లేదంటే స్వేచ్ఛ ఇస్తే ఏం చేయాలో తెలియనివాళ్లుగా కనిపిస్తారు. కొరడా దెబ్బలు, అమ్మకాలు, విడిపోయిన కుటుంబాలు దాదాపు కనిపించవు. నల్లజాతి వాళ్లను చంపి, భయపెట్టిన కూ క్లక్స్ క్లాన్ తెల్లవాళ్లకు రక్షణగా నిలిచినట్టు ఉంటుంది.

ఆధారాలు లేక కాదు. అదే అట్లాంటాలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్, యుద్ధం తర్వాతి కాలంపై తన పెద్ద చరిత్ర గ్రంథాన్ని 1935లోనే తెచ్చారు. బానిసలుగా పుట్టిన ముసలివాళ్లు అప్పటికి ఇంకా వేలల్లో బతికే ఉన్నారు. 1936 నుంచి 1938 మధ్య ప్రభుత్వ పథకం కింద అలాంటి 2 వేల మందికి పైగా మాటలు రాసిపెట్టారు కూడా.

అంటే సమస్య రీసెర్చ్ తక్కువై కాదు. ఎవరిని అడిగారన్నదే సమస్య. చిన్నప్పుడు పెద్దలు ఆమె దగ్గర ఓటమిని దాచారు, అది బయటపడింది. వాళ్లు దాచిన రెండో సంగతిని ఆమె వెతకలేదు.

1939 డిసెంబర్ 15న అట్లాంటాలో సినిమా ప్రీమియర్ జరిగింది. మ్యామీ పాత్ర వేసిన హ్యాటీ మెక్‌డేనియల్ నల్లజాతి నటి కావడంతో, అక్కడి వర్ణ వివక్ష చట్టాల వల్ల రాలేకపోయారు. రెండు నెలలకే ఆస్కార్ అందుకున్నారు. ఆ అవార్డు గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే.

రహస్యంగా చేసిన సాయం

1940ల్లో మార్గరెట్ ఓ పని గుట్టుగా చేశారు. అట్లాంటాలోని నల్లజాతి కాలేజీ మోర్‌హౌస్ ద్వారా వైద్య విద్యార్థుల చదువుకు డబ్బు పంపారు. పేరు బయటకు రాకూడదని షరతు. దశాబ్దాల తర్వాత గానీ ఈ విషయం లోకానికి తెలియలేదు. నవలలో లేని చూపు ఆమెలో తర్వాత వచ్చిందా? ఆమె రెండో నవల రాసి ఉంటే తెలిసేదేమో. రాయలేదు.

1949 ఆగస్టు 11 సాయంత్రం భర్తతో కలిసి సినిమాకు వెళ్తూ పీచ్‌ట్రీ స్ట్రీట్ దాటుతుండగా కారు ఢీకొట్టింది. ఐదు రోజుల తర్వాత కన్నుమూశారు. వయసు 48 మాత్రమే. ఆమె కోరిక ప్రకారం రాతప్రతిని, కాగితాలను చాలావరకు కాల్చేశారు. నవల ఆమే రాశారని రుజువు కోసం కొన్ని పేజీలు, నోట్స్ మాత్రం భర్త దాచి ఉంచారు.

2001లో ఆలిస్ రాండాల్ అనే నల్లజాతి రచయిత్రి అదే కథను బానిస కూతురి వైపు నుంచి తిరగరాశారు. కోర్టు దాకా వెళ్లినా పుస్తకం ఆగలేదు. 2020లో సినిమాను ఓ స్ట్రీమింగ్ సంస్థ కొన్నాళ్లు తీసేసి, చరిత్ర వివరించే వీడియో జత చేసి మళ్లీ పెట్టింది.

స్కార్లెట్ బండి మంటల్లోంచి వెళ్లిన రాత్రి ఇప్పటికీ గుండె దడ పుట్టిస్తుంది. ఎందుకంటే ఆ తేదీ నిజం, ఆ మంట నిజం. అదే బండిలో ప్రిస్సీ అనే బానిస పిల్ల కూడా ఉంది. ఆ రాత్రి ఆమెకు ఎలా గడిచిందో మాత్రం ఎవరూ అడగలేదు.