నీటికి దారి వెతికిన ఇంజనీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబర్ 15న ఇంజనీర్స్ డే జరుపుకుంటాం. మన హాస్టల్ నుంచి పాలిటెక్నిక్‌కో, ఇంజనీరింగ్‌కో వెళ్ళిన అన్నలకు తలపాగా చుట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని నిటారుగా నిలబడిన ఆ పెద్దాయన ఫోటో బాగా పరిచయం. ఆయన గురించిన రెండు కొవ్వొత్తుల కథ, రైలు పట్టా విరిగిందని చైను లాగిన కథ మనమంతా చిన్నప్పుడే విన్నాం. వాటిని మళ్ళీ చెప్పి ఈ సంచికలో పేజీలు నింపదలచుకోలేదు. ఆయన మన హైదరాబాదులో చేసిన పని గురించి చెబుతాం. ఆయనతో మనకు కుదరని ఒక విషయం కూడా ఉంది, దాన్నీ దాచిపెట్టం.

విశ్వేశ్వరయ్య పుట్టింది మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళి అనే పల్లెలో, 1861లో. ఇంటిపేరు మాత్రం మన వైపుదే. వాళ్ళ పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి వలస వెళ్ళారు. ఇంట్లో మాట తెలుగు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు, ఆస్తిపరుడు కాదు. ఆయన విశ్వేశ్వరయ్య చిన్నతనంలోనే పోయారు. పిల్లవాడు బెంగళూరు చేరి, బంధువుల ఆసరాతో, ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పూర్తి చేశాడు. తర్వాత పూనా సైన్స్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివాడు. ఆ చదువుకు డబ్బు ఇంటి నుంచి రాలేదు, మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చింది. స్కాలర్‌షిప్ మీద చదవడమంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకు మేము వివరించనక్కర్లేదు. 1883లో పరీక్షలో మొదటి స్థానంలో వచ్చి, మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వ పి.డబ్ల్యు.డి.లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాడు.

అక్కడ పాతికేళ్ళు పనిచేశారు. నాసిక్, ధూలే, సూరత్, పూనా తిరిగారు. సింధులోని సుక్కూరు పట్టణానికి సింధు నది నుంచి మంచినీరు తెచ్చారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు, నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే గేట్లు 1903లో పెట్టించారు. 1906లో ఏడెన్ రేవుకు వెళ్ళి అక్కడి మంచినీరు, మురుగు పారుదల సమస్యలు చూసి వచ్చారు. ఇంత చేసినా బొంబాయిలో చీఫ్ ఇంజనీరు కుర్చీ తెల్లవారికే దక్కేది. పుట్టుకను బట్టి మూసి ఉంచిన తలుపు అది. ఆయన 1908లో స్వచ్ఛందంగా రిటైర్మెంటు కోరి విదేశీ యాత్రకు బయలుదేరారు.

ఆ సంవత్సరమే సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. అంతకు ముందు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. శంషాబాద్‌లో 24 గంటల్లోనే 12 అంగుళాలకు పైగా పడింది. నగరం నడిమధ్య నుంచి నది ఉధృతంగా పారింది. అఫ్జల్‌గంజ్ వంతెన దెబ్బతింది, ఒడ్డున ఉన్న బస్తీలకు బస్తీలే కొట్టుకుపోయాయి. సుమారు 19,000 ఇళ్ళు కూలిపోయాయని, 15,000 మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. తర్వాత కట్టిన ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఆ చెట్టును చూడడానికి జనం వెళ్తుంటారు.

నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. 1909 ఏప్రిల్లో ఆయన హైదరాబాదులో పని మొదలుపెట్టారు. ఇలాంటి విపత్తు తర్వాత ఎవరికైనా మొదట తట్టేది నది గట్లు ఎత్తు పెంచుదామనే. ఆయన కూడా గట్ల సంగతి రాశారు. కానీ నగరంలో కూర్చుని నదిని చూస్తే వరద కారణం తెలియదని ఆయనకు తెలుసు. ఆ నీళ్ళు ఎక్కడ పడ్డాయి, ఎలా కలిశాయి, ఎంత వేగంగా వచ్చాయి అని పై ప్రాంతమంతా సర్వే చేయించారు. ఇతర ప్రాంతాల వర్షపాతం లెక్కలు కూడా తెప్పించి పోల్చి చూశారు.

సర్వేలో తేలిన అంకెలు జాగ్రత్తగా చూడండి. హైదరాబాదుకు ఎగువన మూసీకి నీరు చేరే ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు. అంటే దాదాపు చదరపు మైలుకొక చెరువు. మన తాతల కాలం నాటి గొలుసుకట్టు చెరువులివి, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. ఆ వానకు వాటిలో 221 చెరువులకు గండి పడింది. పల్లెల్లో పుట్టినవాళ్ళం కాబట్టి ఇది మనకు తేలిగ్గా అర్థమవుతుంది. ఏ చెరువు అలుగైనా తన పరీవాహకంలో పడే వానకు తగ్గట్టు కట్టినదే. పై చెరువు కట్ట తెగితే, ఆ చెరువులో నిలిచిన నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. అలుగు చాలదు. కట్ట మీదుగా నీరు పొర్లుతుంది, మట్టి కోసుకుపోతుంది, అదీ తెగుతుంది. ఇప్పుడు రెండు చెరువుల నీరు మూడోదాని మీద పడుతుంది. ఈ వరుసలో చివర ఉన్నది హైదరాబాదు. నగరం దగ్గర మూసీలో ఒక దశలో సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారిందని లెక్క తేల్చారు.

అందుకే ఆయన చెప్పిన ముఖ్యమైన మందు నగరం బయట ఉంది. నగరానికి కొన్ని మైళ్ళ ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టాలి. వరద వచ్చినప్పుడు దాన్ని అక్కడ ఆపి, నది భరించగలిగినంత మేరకే కిందికి వదలాలి. నగరంలో పల్లపు గట్లు ఎత్తు చేసి, ఒడ్డు వెంట రోడ్లు, తోటలు వేయాలి. దాంతోపాటు నగరానికి సరైన డ్రైనేజీ ఉండాలి. ఇదీ 1909 అక్టోబరులో ఇచ్చిన నివేదిక సారం. ఒడ్డున తోట వేయమన్నది అందానికి మాత్రమే కాదని మా అభిప్రాయం. తోట మునిగితే మళ్ళీ నాటుకోవచ్చు. ఇల్లు మునిగితే మనిషి పోతాడు.

నవంబరుకల్లా ఆయన మైసూరు వెళ్ళిపోయారు. కట్టినవాళ్ళు వేరే. ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట చెరువు, 1913లో మొదలై 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. అలీ నవాజ్ జంగ్ వంటి హైదరాబాద్ ఇంజనీర్ల పాత్ర ఈ రాష్ట్రపు నీటి పనుల్లో చాలా పెద్దది, వారి మీద మరోసారి రాస్తాం. తట్టలు మోసి, రాళ్ళు కొట్టి ఆ కట్టలు లేపిన కూలీల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు తొలగించి రోడ్లు వెడల్పు చేసింది, ఇళ్ళు, బజార్లు కట్టించింది. కాగితం మీది ప్లానును అమలు చేయడానికి ఒక బోర్డు, దానికొక బడ్జెట్ ఉండటం వల్లనే ఇది సాధ్యమైంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వరదను ఆపే జలాశయంలో ఖాళీ ఉండాలి. మంచినీళ్ళిచ్చే జలాశయం నిండుగా ఉండాలి. ఈ రెండు చెరువులూ రెండు పనులూ చేయాల్సి వచ్చింది. కాబట్టి వానాకాలంలో గేట్లు ఎప్పుడు ఎత్తాలన్నది ప్రాణాలతో ముడిపడిన లెక్క. రెండోది, పరీవాహకంలో నేల మారిపోతే లెక్క మారుతుంది. దున్నిన చేను వాన నీటిని తాగుతుంది. సిమెంటు నేల తాగదు, వచ్చింది వచ్చినట్టు మోరీలోకి తోస్తుంది. 1911లో హైదరాబాదు జనాభా సుమారు 5 లక్షలు, ఇప్పుడు కోటి దాటింది. 1996 మార్చిలో వచ్చిన జీవో 111, రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్లో జీవో 69 ద్వారా వాటిని ఎత్తివేసే నిర్ణయం వచ్చింది, దాని మీద చాలా వాదనలు నడిచాయి. 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, జీవో 168, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు ఎఫ్.టి.ఎల్. నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు, పది మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలని చెప్పింది. రూలు ఉన్నంత మాత్రాన నీటికి దారి దొరకదు. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు, మళ్ళీ 2020 అక్టోబరులో, నగరంలో కాలనీలకు కాలనీలు మునిగాయి.

నాలా పక్కన రేకుల షెడ్డు వేసుకున్నవాడికి నోటీసు త్వరగా అందుతుంది. శిఖం భూమిలో లేఅవుటు వేసి, ప్లాట్లు అమ్మి, డబ్బు జేబులో వేసుకున్నవాడు అప్పటికే ఊళ్ళో ఉండడు. మన బంధువుల్లో చాలామంది మొదటి రకం. అదే సమయంలో మన హాస్టళ్ళలో చదివినవాళ్ళు పంచాయతీ కార్యదర్శులుగా, మున్సిపల్ ఇంజనీర్లుగా, టౌన్ ప్లానింగ్ ఆఫీసుల్లో ఉన్నారు. లేఅవుటు ఫైలు మీద కాలువ గీత ఉందా లేదా అని చూడాల్సింది వాళ్ళే. ఆ గీత ఒకసారి చెరిగిపోతే తర్వాత ఏ విశ్వేశ్వరయ్య వచ్చినా దాన్ని వెతుక్కోవాల్సిందే.

మళ్ళీ ఆయన దగ్గరికి వద్దాం. మైసూరులో 1909లో చీఫ్ ఇంజనీరు, 1912 నుంచి 1918 దాకా దివాను. కృష్ణరాజ సాగర్ ఆనకట్ట, మైసూర్ బ్యాంకు, 1916లో మైసూర్ యూనివర్సిటీ, భద్రావతి ఇనుప కర్మాగారం, ఇవన్నీ జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఉన్నవే కనుక వదిలేస్తున్నాం. ఆ పదవిని ఎందుకు వదిలేశారన్నది మాత్రం ఆ పుస్తకాల్లో సాధారణంగా కనిపించదు.

అప్పటి మైసూరులో ప్రభుత్వ ఉద్యోగాలు ఎక్కువ భాగం బ్రాహ్మణుల చేతిలో ఉండేవి. మిగతా కులాల వారు తమకూ వాటా కావాలని అడిగారు. మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయార్ ఒప్పుకుని, 1918లో సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ కమిటీ తర్వాత, ఏడేళ్ళలో పై ఉద్యోగాల్లో సగానికి తక్కువ కాకుండా, కింది ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు వెనుకబడిన వర్గాలకు దక్కేలా చూడాలని సిఫారసు చేసింది. విశ్వేశ్వరయ్య గారు దీనికి అంగీకరించలేదు. వెనుకబడిన వాళ్ళకు చదువు చెప్పించాలి, స్కాలర్‌షిప్పులివ్వాలి, ఉద్యోగం మాత్రం ప్రతిభను బట్టే ఇవ్వాలి అన్నది ఆయన వైఖరి. 1918 చివర్లో దివాను పదవి నుంచి తప్పుకున్నారు.

రిజర్వేషన్ల వల్ల ఇక్కడిదాకా వచ్చిన మనం దీన్ని చూడనట్టు దాటిపోలేం. ఆయన స్వార్థపరుడని మేము అనడం లేదు, పదవినే వదులుకున్న మనిషి. కానీ బొంబాయిలో తన ప్రతిభకు అడ్డొచ్చిన గోడ ఆయనకు స్పష్టంగా కనిపించింది. మైసూరులో ఇతరుల ముందున్న గోడ ఆ మేరకు కనిపించలేదు. 221 గండ్లకు కారణం ఎగువన వెతికిన ఇంజనీరు, పరీక్షలో వెనకబడిన పిల్లవాడి విషయంలోనూ ఎగువకు వెళ్ళి చూసి ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది. మనలో కొందరు అంతమాత్రాన ఆయన ఫోటో పెట్టకూడదంటారు. మాలో ఎక్కువమంది పెట్టాలనే అంటారు. ఈ చర్చ స్టడీ అవర్ తర్వాత చాలాసార్లు జరిగింది, ఇంకా తెగలేదు.

దివానుగిరీ వదిలాక ఆయన ఖాళీగా కూర్చోలేదు. 1920లలో హైదరాబాదు మళ్ళీ పిలిస్తే డ్రైనేజీ పనుల కోసం వచ్చారు. 1930ల చివర్లో ఒరిస్సా వరదల మీద సలహా నివేదికలిచ్చారు. 1951లో అచ్చయిన తన ఉద్యోగ జీవిత జ్ఞాపకాల పుస్తకంలో మూసీ పని గురించి వివరంగా రాశారు. 90 దాటిన వయసులో బీహారులోని మొకామా దగ్గర గంగ మీద వంతెనకు చోటు ఎంచే కమిటీకి అధ్యక్షత వహించారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్లో, నూరేళ్ళు దాటాక, బెంగళూరులో కన్నుమూశారు. సమాధి ముద్దెనహళ్ళిలో ఉంది.