కోటలేని ప్రభువు కాటమరాజు

రాజు అనగానే మనకు కోట స్ఫురించును. కోట చుట్టును అగడ్త, లోపల సింహాసనము, వెలుపల శాసనస్తంభము ఉండినగాని చరిత్రకారులు ఒకనిని ప్రభువుగా లెక్కింపరు. ఈ లెక్కకు అందని ప్రభువొకడు 13వ శతాబ్దిలో తెలుగునేలపై సంచరించినాడు. అతనిది కాలినడకన కదలెడి రాజ్యము. అతని ఆవులు ఎంతవరకు మేసినవో అంతవరకు అతని పొలిమేర. అవి ఎచ్చట పరుండినవో ఆ రాత్రికి అచ్చటనే అతని రాజధాని. లెక్కకు మిక్కిలియైన గోవులు, వానిని కాచెడి వీరులు, వారి ఆలుబిడ్డలు, ఇవే అతని సంపద, సైన్యము, ప్రజ. అతడే యాదవప్రభువైన కాటమరాజు. గడ్డి ఎవరిదన్న తగవు అతనికిని నెల్లూరి రాజునకును నడుమ పుట్టి, పాలేటి యొడ్డున ఉభయపక్షముల వీరులను బలిగొనినది.

కాటమరాజు కీర్తి శిలలమీద గాక గాయకుల నాలుకలమీద నిలిచినది. గొల్లలను ఆశ్రయించి బ్రదికిన కొమ్ములవారు కొమ్ముబూర ఊదుచు, వీరణములు మ్రోగించుచు, తరతరములుగా ఈ కథను గానము చేసినారు. ఇది ఒక్క కథ కాదు. 32 కథల చక్రమని ప్రతీతి. అందులో కొంతభాగము శ్రీనాథుని రచన యను వాడుకయు కలదు. పండితలోకము చాలకాలము దీనిని పామరుల పాటగా త్రోసివేసినది. తంగిరాల వేంకట సుబ్బారావు గారు ఈ కథలను సేకరించి పరిష్కరింపగా, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వానిని 1976, 1978 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించినది. అప్పటినుండి కాటమరాజు గొల్లపేటలను దాటి గ్రంథాలయములలో కూడ స్థానము సంపాదించినాడు.

అతని జీవితము అర్థము కావలెనన్న, ఆ కాలమున పశువునకు ఉన్న విలువ తెలియవలెను. దేవాలయమున అఖండదీపము పెట్టింపదలచిన దాత రొక్కమునకు బదులు ఆవులనో గొఱ్ఱెలనో సమర్పించెడివాడు. ఆ మందను ఒక గొల్లకో బోయకో అప్పగించి, దినమునకు ఇంత నెయ్యి దీపమునకు కొలువవలెనని శాసనము వ్రాయించెడివాడు. ఆంధ్రదేశపు దేవాలయ శాసనములలో ఇట్టి దానములు కోకొల్లలు. విశాఖపట్టణము చేరువనున్న సింహాచలమున భక్తులు నేటికిని అప్పన్న స్వామికి కోడెదూడలను మ్రొక్కుబడిగా సమర్పించుట ఆ పాత జీవనమునకు గుర్తుగా మిగిలిన ఆచారమే.

అయితే మందకు మొదట కావలసినది పచ్చిక, నీరు. అదే శతాబ్దిలో కాకతీయుల ఏలుబడిలో అడవులు తరుగుచు చెరువులు పెరిగినవి. 1213లో రామప్ప గుడి వెలసిన చోటనే పెద్ద చెరువును వెలసినది. గణపతిదేవుని కాలమున పాకాల చెరువు నిర్మాణమైనది. చెరువు క్రింద మడి, మడి చుట్టును గట్టు, గట్టుమీద పన్ను వ్రాసికొనెడి కరణము వచ్చినారు. నిన్నటి పసుల బీడు నేటి వరిమడి యైనది. మడి నిలుకడగా నుండును గనుక రాజునకు ఏటేట పన్ను ముట్టును. మంద నేడిచ్చట, రేపచ్చట. అందువలన రాజుల మనస్సు మడివైపు మొగ్గుట సహజము. కాటమరాజు ఈ మార్పు నడుమ పుట్టినవాడు.

అతని తండ్రి పెద్దిరాజు అని గాథ చెప్పును. తండ్రి శత్రువు చేతిలో మడియగా, కుమారుడు పగ తీర్చుకొని కులపెద్ద యైనాడు. బంధువులు, అన్నదమ్ములు, బంట్లు అతనిని ఆశ్రయించి మందలతో నడిచినారు. అంతలో కరవు వచ్చినది. వానలు లేవు, చెలమలు ఎండినవి, పసరిక మాడినది. కాటమరాజు తన జనమును, మందలను వెంటగొని దక్షిణమునకు కదలి నెల్లూరి సీమలో ప్రవేశించినాడు. ఆ సీమను తెలుగు చోడులు ఏలుచుండిరి. కథలోని రాజు పేరు నల్లసిద్ధి. అతడు తిక్కన సోమయాజిని మంత్రిగా కలిగిన మనుమసిద్ధియే యని కొందరు పరిశోధకులును, ఆ వంశమున తరువాత వచ్చిన మరియొక సిద్ధి యని మరికొందరును తలంచినారు.

పరాయి రాజ్యమున మంద మేయవలెనన్న పుల్లరి చెల్లింపవలెను. పుల్లరి యనగా పచ్చికపై పన్ను. కాటమరాజునకు నాణెములు లేవు, ఆవులున్నవి. ఇరువురును ఒక ఒడంబడిక చేసికొనినారు. మందలో పుట్టిన కోడెదూడలు నల్లసిద్ధివి. నీటివలన మొలిచిన పచ్చిక కాటమరాజుది. వినుటకు ఎంతయో న్యాయముగా ఉన్నది. గొల్లకు పాడియావు ముఖ్యము. రాజునకు దుక్కికిని బండికిని ఎద్దు ముఖ్యము. ఎవరికి కావలసినది వారికి దక్కినది. కాని ఆ పత్రములోని ఒక్క మాటలో చిక్కు దాగియున్నది. కొన్ని పాఠములు ఆ చిక్కును ఇట్లు విప్పినవి: మరల వానలు వెనుకబడి, బీళ్ళు ఎండి, చెరువుల క్రింద వరి మాత్రమే పచ్చగా నిలిచినది. వరియు నీటివలన మొలిచిన గడ్డియే గదా యని గొల్లలు మందలను మళ్ళలోనికి తోలినారు. మాటను బట్టి చూచిన తప్పు లేదు. ఉద్దేశమును బట్టి చూచిన ఒప్పు లేదు. రైతులు రాజుతో మొరపెట్టుకొనినారు.

కథ ఇంకొక కారణమును చెప్పును. నల్లసిద్ధి ప్రియురాలైన కుందుమాదేవి పెంపుడు చిలుక వనములో ఎగురుచు ఆవులను బెదరించినదట. కాపరి యొకడు బాణము వేసి దానిని కూల్చినాడు. ఆమె కోపించి వేటగాండ్రచే ఆవులను చంపించినది. గొల్లవానికి ఆవు తల్లి. తన మందకు రక్షణ యొసగలేని రాజునకు పుల్లరి యేల యని కాటమరాజు కోడెదూడలను నిలిపివేసి, మందలను మరలించుకొని వెడలిపోయినాడు. రాజు దృష్టిలో అది పన్ను ఎగవేసిన నేరము; కాటమరాజు దృష్టిలో ఒడంబడిక అంతకుముందే భంగమైనది.

నల్లసిద్ధి సైన్యమిచ్చి ఖడ్గతిక్కనను పంపినాడు. ఇతడు తిక్కన సోమయాజికి పెదతండ్రియైన సిద్ధన కుమారుడు. బ్రాహ్మణుడయ్యును కత్తి పట్టిన శూరుడు. మొదటి పోరులో సేన చెదరిపోగా ఇతడు ఇంటికి మరలినాడు. తరువాతి సంగతి తెలుగునాట ఎరుగనివారు అరుదు. భార్య చానమ్మ స్నానమునకు మంచము అడ్డుపెట్టి పసుపుముద్ద నుంచినది, యుద్ధమునుండి వెనుదిరిగినవాడును ఆడుదియును ఒకటే యన్నట్లు. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించి, కొడుకుతోపాటు పాలును విరిగినవని సూచించినది. ఖడ్గతిక్కన ఆ పూటనే మరలి యుద్ధభూమికి పోయినాడు. కాటమరాజు పక్షమున బ్రహ్మరుద్రయ్య ఎదురు నిలిచినాడు. ఇరువురును పోరి, ఇరువురును నేలకొరిగినారు.

పిమ్మట పాలేటి యొడ్డున పంచలింగాల వద్ద కడపటి యుద్ధము జరిగినది. యాదవవీరులు ఒక్కొక్కరుగా పోరులో దిగుటను, ఒక్కొక్కరుగా పడుటను కొమ్ములవారు పేరుపేరున గానము చేయుదురు. గంగాదేవి కాటమరాజును వరించినదనియు, రణభూమియే ఆ పెండ్లికి పందిరి యైనదనియు గాథ. ఇందు చిత్రమేమనగా, కథకు మూలమైన కోడెదూడల లెక్క చివర ఎవరికిని పట్టలేదు. పుల్లరి ముట్టినదా లేదా యని అడుగుటకు ఉభయపక్షములందును మగవారు మిగులలేదు.

ఈ యుద్ధమును తెలుగువారు రెండు విధములుగా జ్ఞాపకము చేసికొనినారు. పండితుల వంకనుండి చూచిన ఖడ్గతిక్కన నాయకుడు. కేతన తన దశకుమారచరిత్రమును తిక్కన సోమయాజికి అంకితమిచ్చుచు ఆ వంశమును, ఖడ్గతిక్కన శౌర్యమును కొనియాడినాడు. గొల్లల వంకనుండి చూచిన కాటమరాజు నాయకుడు. ఒక వీరుడు పద్యములోను, ఒక వీరుడు పాటలోను బ్రదికినాడు. తిక్కన సోమయాజి భారతాంధ్రీకరణమును విరాటపర్వముతో ఆరంభించినాడు. ఆవులమందలను పట్టుకొనిపోవుట, వానికై యుద్ధము, రణమున బెదరి పరుగెత్తి మరల నిలిచిన ఉత్తరుడు, ఇవన్నియు ఆ పర్వములోనివే. ఇంటిలోని మనిషి పశువుల తగవులో కత్తి పట్టిన కుటుంబమునకు ఆ పర్వము దూరపు కథ కాదు.

ఇట్టి తగవు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా పడమటి మైదానములలో 19వ శతాబ్దిలో పశుప్రభువులు వెలసినారు. న్యూ మెక్సికోలో జాన్ చిజమ్ వంటివారి మందలు దేశము దేశమునే ఆక్రమించినవి. 1874లో పేటెంటు పొందిన ముండ్లతీగ బయళ్ళను ముక్కలు చేసినది. 1892లో వయోమింగ్‌లోని జాన్సన్ కౌంటీలో పెద్ద మందల యజమానులు కూలికి తుపాకివారిని తెచ్చి చిన్న కాపులపైకి పంపినారు. ఆ ప్రభువులను గురించి నవలలు, చలనచిత్రములు నేటికిని పుట్టుచున్నవి. మన గడ్డకును ఆ లోకముతో ఒక చుట్టరికము కలదు. ఒంగోలు జాతి పశువులు 1868లో బ్రెజిల్ తీరమును చేరినవి. అచ్చట వానికి నెలోరె యని పేరు, అది నెల్లూరే. నేడు ఆ దేశపు పశుక్షేత్రముల అధిపతుల ఐశ్వర్యమునకు ఆ జాతియే ఆధారము.

అయినను కాటమరాజును కేవలము దీనుడుగా చిత్రించుట న్యాయము కాదు. అతడు బలవంతుడు. అతని మందలు మళ్ళలో దిగినప్పుడు పంట పోగొట్టుకొన్న రైతు పక్షమున కొమ్ము ఊదినవాడు లేడు; పద్యము చెప్పినవాడును లేడు. ఆ రైతు కరవులో చెరువు నీటిని నమ్ముకొని నాటినవాడు. ఇరువురు ప్రభువుల నడుమ పత్రము వ్రాసినప్పుడు అతనిని ఎవరును అడుగలేదు.

పుల్లరి యను మాట కాటమరాజుతో అంతరింపలేదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పిమ్మట అడవులు సర్కారు హద్దులలోనికి పోయినవి. పసువు మేసినచో రుసుము చెల్లింపవలసి వచ్చినది. పల్నాటిలో ప్రజలు 1921లో దానిని నిరాకరించినారు. వారికి ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద తుపాకి గుండ్లకు బలియైనాడు. ఏడు శతాబ్దులకు చేరువైన ఎడము గడచినను పన్ను పేరు మారలేదు. కాని హనుమంతు వెనుక నిలిచినవారు ఇంటికొక కాడియెడ్లు, ఒకటి రెండు పాడియావులు గల కాపులు. కాటమరాజు కాలమున ప్రభువుల తగవైనది ఇచ్చట పేదల తగవైనది.

కాటమరాజు కథ పుట్టినది నెల్లూరు, కనిగిరి ప్రాంతములలోనైనను దాని చప్పుడు ఉత్తరాంధ్రములోను వినవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమలలో యాదవులు రేకు తప్పెటను రొమ్మునకు కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టి, రెండు చేతులతో వాయించుచు ఆడెడి తప్పెటగుళ్ళలో గంగమ్మ కథతోపాటు కాటమరాజు కథయు కలదు. విశాఖపట్టణమున 1925లో జన్మించిన ఆరుద్ర ఈ కథను నాటకముగా వ్రాసి, గొల్లవీరుని రంగస్థలమునకు ఎక్కించినాడు.

1933లో విశాఖలో ఓడరేవు ఆరంభమైనది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఒకప్పుడు పసువులు మేసిన బీళ్ళమీద రైలుపట్టాలు, కొలుములు, కార్మికుల ఇండ్లు వెలసినవి. మందలు తరిగినవి, మేపు నేల కొలతలలోను పత్రములలోను చిక్కినది. అయినను గంగమ్మ పండుగలలో తప్పెట మ్రోగినప్పుడు, కోటలేని ఆ ప్రభువు ఆవులను తోలుకొని మరల పచ్చికకై బయలుదేరుచున్నాడు.