ఖడ్గతిక్కన తల్లి ప్రోలమ

మన నియోగి కుటుంబములలో ఖడ్గతిక్కన పేరు వినని యిల్లుండదు. ఆ వీరుని చరిత్రము మహాసభలలో పలుమారు చెప్పబడినదే. అయినను అతని కన్నతల్లి ప్రోలమను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ప్రోలమ గుంటూరి భాస్కరమంత్రికి కోడలు, సిద్ధనామాత్యుని ధర్మపత్ని. భారతమున 15 పర్వములు తెనిగించిన తిక్కన సోమయాజి ఆమెకు మఱది కొమ్మన కుమారుడు. ఒక్క పేరుగల ఆ యిద్దఱిలో నొకరికి గంటము, ఒకరికి కత్తి బిరుదములైనవి.

13వ శతాబ్దిలో నెల్లూరు నేలిన మనుమసిద్ధికి ఖడ్గతిక్కన సేనాని. అనావృష్టిచే ఆలమందలను తోలుకొని వచ్చిన కాటమరాజు పుల్లరిగా కోడెదూడల నిత్తునని యొప్పుకొని, పిదప తగవు పుట్టగా ఇయ్యననెను. పాలేటి కడ పంచలింగాలలో పోరు జరిగెను. గడ్డి కొఱకు ఇన్ని తలలు తెగవలెనా యని నేడు మనకు తోచవచ్చును. కఱవుకాలమున గడ్డియే ప్రాణము.

సేన విఱిగి తిక్కన ఒంటరిగా ఇల్లు చేరెను. తండ్రి నిందించెను. భార్య చానమ స్నానపు చోట మంచము అడ్డు నిలిపి, ఆడువారికి వలె పసుపుముద్ద యుంచెను. భోజనమువేళ తల్లి విఱిగిన పాలు పోసెను. పాలేల విఱిగినవని కొడుకడుగగా, అతడు విఱిగి వచ్చినందున పాలును విఱిగినవని బదులు చెప్పెనట. పసుల కొఱకైన పోరు పసుల పాలతోనే ఆ యింట ప్రవేశించినది. తిక్కన మరల రణమునకేగి, పోరాడి, మడిసెను. చాటుపద్యములు మనకు దాచియుంచిన కథ యిది.

ఉపన్యాసకులు ఇచ్చట కరతాళధ్వనుల నడుమ ముగింతురు. మా మనస్సు మాత్రము ఆ వంటయింటనే నిలిచిపోవును. కొడుకునకు తాను పెట్టిన కడపటి యన్నములో విఱిగిన పాలు పోసితినని ఆ తల్లి మఱచియుండునా? అన్నమాట పౌరుషోచితమే కావచ్చును. దానిని వెనుకకు తీసికొన వినువాడు లేడు. పిమ్మట పొయ్యిమీద పాలు పొంగినప్పుడెల్ల ఆమె కన్నులెట్లుండెనో! ఇది మా యూహయే యైనను, తల్లులకు వింత కాదు. ఆమెను తప్పుపట్ట మేమెవరము? వీరమాతయని పొగడి యూరకుండుటకును మాకు నోరాడకున్నది.

మా మాతామహి ఈ కథను పాలగిన్నె వఱకు చెప్పి, ఏదో పనియున్నదని లేచిపోయెడిది. మిగిలినది మేము పుస్తకములలో చదువుకొంటిమి.