దామనపల్లి కనుమ

అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణం జిల్లా పాండ్రంగిలో జన్మించాడు. తల్లి సూర్యనారాయణమ్మ. ఛాయాచిత్రకారుడైన తండ్రి వెంకటరామరాజు అకాలమరణం చెందగా, పోషణభారం పినతండ్రి రామకృష్ణంరాజుపై పడింది. పాఠశాల చదువు పూర్తికాలేదు. మనస్సు జపతపాలవైపు మళ్ళింది. తీర్థాటనం ముగించి 1917లో కృష్ణదేవిపేట చేరిన ఈ యువకుణ్ణి మన్యవాసులు తొలుత సన్న్యాసిగానే ఎరిగారు. మూలికలతో వైద్యం చేస్తూ, మద్యపానం మానుమని బోధిస్తూ అతడు వారికి ఆత్మీయుడైనాడు.

ఆనాటి మన్యప్రజల దుఃస్థితి వర్ణనాతీతం. 1882 నాటి మద్రాసు అటవీచట్టం పోడు వ్యవసాయానికి అడ్డుగోడ అయింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రహదారి పనులలో కూలీలకు న్యాయమైన వేతనమైనా ఇవ్వక హింసించాడు. అధికారుల ఆగ్రహానికి గురై మునసబు పదవి కోల్పోయిన గాం గంటందొర, అతని సోదరుడు మల్లుదొర రాజు పక్షాన నిలిచారు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగాయి. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు విప్లవకారుల వశమైనాయి. తీసుకొన్న ఆయుధాల పట్టిక వ్రాసి, దానిపై సంతకం చేయడం రాజు పద్ధతి. దొంగతనానికీ తిరుగుబాటుకూ గల భేదాన్ని అతడు ఆ విధంగా ప్రకటించాడు.

రాజును పట్టుకొనడానికి వచ్చిన బలగాలు సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ప్రవేశించాయి. యుద్ధమని పేర్కొనదగినంత పెద్దది కాదు ఆ పోరు. ఇరుకైన కొండబాట, ఇరువైపులా దట్టమైన అడవి, పైన పొదలమాటున పొంచియున్న కొద్దిమంది వీరులు. సేనలో ముందుగా నడచినవారు భారతీయ పోలీసులు. వారు గురికి అందేంత చేరువలో సాగిపోతున్నా ఒక్క తుపాకీ అయినా పేలలేదు. సాయుధులైన శత్రువులను దాటిపోనిస్తే వారు వెనుదిరిగి కాల్చవచ్చు. అది ప్రాణాంతకమైన సాహసం. అయినా స్వదేశీయుల రక్తం చిందరాదన్నది రాజు నియమం. వెనుక వచ్చిన ఆంగ్లాధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ మాత్రమే తూటాలకు నేలకొరిగారు. నాయకులు పడిపోగానే సేన చెదరిపోయింది.

విజయం కంటె ఆ నిగ్రహమే ఆశ్చర్యకరం. అయితే అన్ని పోరాటాలలోను ఆ నియమం నిలువలేదు. పరాభవంతో కోపించిన ప్రభుత్వం మలబారు పోలీసు దళాన్ని రప్పించింది. అందలి సిపాయిలూ భారతీయులే. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద లూయీ తుపాకుల ముందు కనుమ పొదలు, పాత తుపాకులు పనికిరాలేదు. ఆ పగలు, ఆ రాత్రి జరిగిన దాడులలో సుమారు 12 మంది అనుచరులు అసువులు బాసారు. 1924లో అస్సాం రైఫిల్సు దళం కూడ మన్యంలో ప్రవేశించింది. విప్లవకారులకు అన్నం పెట్టిన పల్లెలు నానాయాతనలు పడ్డాయి.

1924 మే 7న పట్టుబడిన రాజును కొయ్యూరు వద్ద మేజర్ గుడాల్ విచారణ లేకుండానే చెట్టుకు కట్టించి కాల్పించాడు. అప్పటికి రాజుకు 27 ఏండ్లయినా నిండలేదు. నెల తిరిగేసరికి గంటందొర నేలకొరిగాడు. అంతకుముందే పట్టుబడిన మల్లుదొర అండమాను కారాగారవాసం అనుభవించి, బ్రతికి బయటపడి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్టణం నుండి ఎన్నికైనాడు.