ఆచార్య నాగార్జునుడు

ఆచార్య నాగార్జునుడు సుప్రసిద్ధ బౌద్ధ తత్వవేత్త, మాధ్యమిక దర్శనానికి మూలపురుషుడు. ఇతడు క్రీ.శ. 2-3 శతాబ్దాలకు చెందినవాడని చరిత్రకారుల అభిప్రాయం. శూన్యవాదాన్ని ప్రతిపాదించిన మూలమాధ్యమకకారిక ఇతని ప్రధాన రచన. సుఖమంటే ఏమిటి, ప్రజల సుఖం కోసం రాజు చేయవలసినదేమిటి అనే విషయాలను రత్నావళి, సుహృల్లేఖ అనే గ్రంథాలలో చర్చించాడు. ఈ రెండూ శాతవాహన రాజును ఉద్దేశించి వ్రాసినవని సంప్రదాయం.

జీవితం

నాగార్జునుని జీవితానికి సమకాలీన ఆధారాలు లేవు. కుమారజీవుని పేరుతో ఉన్న చైనా జీవితచరిత్ర ప్రకారం ఇతడు దక్షిణ భారతంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. విదర్భలో పుట్టాడని టిబెట్ సంప్రదాయం. యౌవనంలో ముగ్గురు మిత్రులతో కలిసి అదృశ్యవిద్య నేర్చి, భోగాల కోసం రాజాంతఃపురంలో ప్రవేశించాడని, భటుల చేతిలో మిత్రులు మరణించగా తానొక్కడే బయటపడ్డాడని చైనా కథ చెబుతుంది. కోరికయే దుఃఖానికి మూలమని గ్రహించి ఇతడు భిక్షువయ్యాడు. రాజకుమారుడు యాచించగా తన శిరస్సును దానం చేసి మరణించాడని 7వ శతాబ్దపు యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ వ్రాశాడు. రసవాది, సిద్ధుడు అయిన మరొక నాగార్జునుని కథలు కూడా ఇతని కథలతో కలిసిపోయాయి.

సుఖంపై అభిప్రాయాలు

రత్నావళి మానవ లక్ష్యాలను రెండుగా విభజిస్తుంది. ఒకటి అభ్యుదయం, అనగా లౌకికమైన క్షేమం. రెండవది నిశ్శ్రేయసం, అనగా మోక్షం. మొదటిది సిద్ధించిన తరువాతనే రెండవది లభిస్తుంది. చక్రవర్తికైనా శారీరక, మానసిక సుఖాలు రెండే ఉంటాయని, శారీరక సుఖం బాధ తగ్గడం మాత్రమేనని, మానసిక సుఖం కల్పన మాత్రమేనని నాగార్జునుడు వాదించాడు. దురదను గోకడంలో ఉన్న సుఖం కంటే దురద లేకపోవడమే మేలని ఇతని ఉపమానం. రాజభోగం ఇంత అల్పమైనది కనుక రాజ్యాన్ని ధర్మం కోసమే పాలించాలని ఇతని నిర్ణయం.

రాజధర్మం

ఈ సిద్ధాంతాన్ని నాగార్జునుడు పాలనా వివరాలలోకి తెచ్చాడు. పిల్లలు, వృద్ధులు, రోగుల బాధలు తీర్చడానికి వైద్యులను, మంగలులను నియమించి, వారికి భూముల ఆదాయం కేటాయించాలి. బాటసారులకు విశ్రాంతి గృహాలు, చలివేంద్రాలు ఏర్పాటు చేయాలి. ఆ చలివేంద్రాలలో చెప్పులు, గొడుగులు, సూదీదారం, ముళ్ళు తీసే పట్టుకారు, త్రిఫల, త్రికటు వంటి మందులు ఉంచాలి. నష్టపోయిన రైతులకు విత్తనాలు, ఆహారం ఇచ్చి పన్నులు తగ్గించాలి. చీమల పుట్టల వద్ద కూడా ధాన్యం చల్లించాలి.

శిక్షల విషయంలో ఇతని సలహాలు ఆ కాలానికి అసాధారణమైనవి. బలహీనులైన ఖైదీలను త్వరగా విడిచిపెట్టాలి. మిగిలినవారికి స్నానం, క్షౌరం, ఆహారం, మందులు, బట్టలు అందించాలి. హంతకులను సైతం చంపక, హింసించక దేశం నుండి బహిష్కరించాలి. తండ్రి కుమారుని దండించినట్లు, ద్వేషంతో కాక దయతో శిక్షించాలి.

గ్రంథాల ప్రచారం

సుహృల్లేఖను 5వ శతాబ్దంలో గుణవర్మ, రత్నావళిని 6వ శతాబ్దంలో పరమార్థుడు చైనా భాషలోకి అనువదించారు. భారతదేశంలో విద్యార్థులు సుహృల్లేఖను కంఠస్థం చేసేవారని 7వ శతాబ్దంలో ఇత్సింగ్ తెలిపాడు. రత్నావళి టిబెట్ భాషలో పూర్తిగా లభిస్తున్నది. సంస్కృత మూలంలో కొన్ని భాగాలను ఇటలీ పండితుడు టుచ్చి 1930లలో ప్రకటించాడు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు

కృష్ణా, మూసీ లోయలలోని ఈ ప్రాంతం ప్రాచీన కాలంలో బౌద్ధానికి నిలయం. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండపై స్తూపం, చైత్యగృహాలు, విహారాలు బయల్పడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో ప్రధాన వైద్యుడు అక్కడ ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించినట్లు శాసనం ఉన్నది. కోదాడకు తూర్పున ఉన్న జగ్గయ్యపేటలో లభించిన శాసనం నాగార్జునాచార్యుని శిష్యపరంపరను పేర్కొంటున్నది. అయితే అది కొన్ని శతాబ్దాల తరువాతిది కనుక ఆ ఆచార్యుడు వేరొకడు కావచ్చును.

నాగార్జునకొండకు ఇతని పేరు ఉన్నప్పటికీ, అక్కడి ఇక్ష్వాకుల శాసనాలలో ఇతని ప్రస్తావన లేదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్టకు ఆ కొండ పేరే పెట్టారు. 1967లో ప్రారంభమైన దాని ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల పొలాలకు సాగునీరు అందిస్తున్నది.